పాత కన్వర్టిబుల్ స్పోర్ట్స్ కారు ఛారిటీకి ఇచ్చేద్దామా? తరచుగా అడిగే ప్రశ్నలు

పెళ్ళికి ముందు ముచ్చటపడి కొనుక్కున్న టూ సీటర్ ఇప్పుడు పిల్లల సైకిళ్ళ వెనకాల కవర్ కప్పుకుని పడుంటుంది, ఏటేటా రిజిస్ట్రేషన్ మాత్రం కడుతూనే ఉంటాం, బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయి ఉంటుంది. డొనేట్ చేసెయ్, పుణ్యానికి పుణ్యం ట్యాక్స్‌కి ట్యాక్స్ అని ఇంట్లో ఎవరో ఒకరు అంటారు, ఇక అక్కడి నుంచి డౌట్లు మొదలు. నా మాజ్డా మియాటా నేను ఇచ్చేసిన దగ్గర్నుంచి తెలిసినవాళ్ళు, వాళ్ళకి తెలిసినవాళ్ళు ఫోన్ చేసి ఇవే అడుగుతున్నారు, అందుకే ఒకచోట రాసి పెట్టా. ఇదంతా అమెరికా సంగతి. నేను సీపీఏని (లైసెన్స్ ఉన్న అకౌంటెంట్‌ని) కాదు, మీ లెక్క పెద్దదైతే మీ సీపీఏకి ఒక మాట చెప్పండి.

## ఇవ్వాలా, అమ్మాలా

బుక్ వాల్యూ 4,500 చూపిస్తోంది, ఛారిటీకి ఇస్తే 4,500 రాసుకోవచ్చు కదా?

రాసుకోలేరు. ఒకప్పుడు అలా నడిచేది, నడవని డొక్కు కారుకి కూడా పుస్తకంలో ఉన్న రేటు వేసుకునేవాళ్ళు, అది చూసి 2004లో చట్టం మార్చారు, 2005 నుంచి కొత్త రూల్. ఛారిటీ మీ కారుని అమ్మేస్తే (దాదాపు అందరూ అమ్మేస్తారు), ఎంతకి అమ్మారో అంతే మీ డిడక్షన్. కెల్లీ బ్లూ బుక్‌లో (పాత కార్ల రేట్లు చెప్పే గైడు) 4,500 ఉన్నా వేలంలో 1,300కి పోతే మీరు రాసుకునేది 1,300. ఇంకోటి, డిడక్షన్ అంటే చేతికొచ్చే డబ్బు కాదు, 22 శాతం బ్రాకెట్‌లో ఉంటే 1,300కి మీకు మిగిలేది 286 డాలర్లు, అదీ ఐటమైజ్ చేస్తేనే, అంటే స్టాండర్డ్ డిడక్షన్ బదులు ఖర్చులు విడివిడిగా చూపిస్తేనే. ఈ ఒక్క లెక్క ముందే తెలిస్తే సగం మంది డొనేషన్ ఫారం దగ్గరే ఆగిపోతారు.

అమ్మాలా ఇవ్వాలా, ఒక్క ముక్కలో చెప్పండి

కారు స్టార్టవుతుంటే, టైటిల్ (కారు మీదేనని చెప్పే పత్రం) క్లీన్‌గా ఉంటే, అమ్మేసి ఆ డబ్బుని ఛారిటీకి ఇవ్వండి. కారు కదలకపోతే, లేదా కొనేవాళ్ళతో బేరాలాడే ఓపిక మీకు లేకపోతే, కారునే ఇచ్చేయండి.

ఎందుకంటే క్యామ్రీ లాంటి కారుని ఎవడైనా ఆఫీసుకి పోవడానికి కొంటాడు, వేలంలో కూడా దానికి ఒక మోస్తరు రేటు వస్తుంది. స్పోర్ట్స్ కన్వర్టిబుల్ అలా కాదు, దాని ధరంతా దాన్ని ఇష్టపడేవాడి మనసులో ఉంటుంది, ఆ మనిషేమో ఛారిటీ కార్లు పోయే హోల్‌సేల్ వేలానికి రాడు. అక్కడికి వచ్చేది డీలర్లు, విడిభాగాల కోసం కొనే యార్డులవాళ్ళు, వాళ్ళు చూసేది ఏ సంవత్సరం, ఎన్ని మైళ్ళు, క్లాత్ చిరిగిందా, అంతే. మీరు పదిహేనేళ్ళు దాచిన సర్వీస్ రసీదుల ఫైలు అక్కడ ఎవరూ తెరవరు.

అదే మీరు 4,500కి అమ్మి 4,500 చెక్ ఇస్తే ఛారిటీకి మొత్తం చేరుతుంది, మధ్యలో టోయింగ్ ఖర్చు, వేలం ఫీజు పోవు, మీ డిడక్షన్ లెక్కకి కూడా 4,500 వస్తుంది. సొంతానికి వాడుకున్న కారు కొన్న రేటు కంటే తక్కువకి అమ్మితే ట్యాక్స్ ఏమీ లేదు, ఆ నష్టాన్ని చూపించుకోవడానికీ లేదు. కొన్నదానికంటే ఎక్కువకి పోతే మాత్రం ఆ లాభం మీద ట్యాక్స్ ఉంది, ఈ మధ్య కొన్ని మోడల్స్‌కి అదీ జరుగుతోంది.

అమ్మేటట్టయితే వసంతంలో అమ్మండి. ట్యాక్స్ గుర్తొచ్చి అందరూ డిసెంబర్‌లో కదులుతారు, మంచులో టాప్ లేని కారు ఎవడు చూస్తాడు చెప్పండి.

ఏ కార్లకి ఇంకా గిరాకీ ఉంది?

హోండా ఎస్2000 (అమెరికాలో 2000 నుంచి 2009 మోడల్స్) ఉంటే డొనేషన్ ఆలోచనే పక్కన పెట్టండి, మొదటి ఏళ్ళవి 9,000 ఆర్‌పీఎం దాకా తిరిగే ఇంజిన్‌తో వచ్చాయి, వాటి కోసం జనం కళ్ళు కాయలు కాచేలా చూస్తున్నారు. మాజ్డా మియాటాలో 1990 నుంచి 1997 వరకు వచ్చిన, హెడ్‌లైట్లు పైకి లేచే మోడల్ తుప్పు లేకుండా ఉంటే కొనేవాళ్ళు దొరుకుతారు, తర్వాత తరం కొంచెం చవక.

బీఎండబ్ల్యూ జీ3 (Z3) సౌత్ కరోలినాలో స్పార్టన్‌బర్గ్ దగ్గర తయారైంది, జర్మనీ నుంచి వచ్చిందని చాలామంది అనుకుంటారు. అందులో నాలుగు సిలిండర్ల ఆటోమేటిక్‌కి పెద్ద రేటు రాదు, దాని స్పోర్ట్స్ వెర్షన్ ఎం రోడ్‌స్టర్ అయితే కథే వేరు. పోర్షా బాక్స్‌టర్ మొదటి తరం (1997 నుంచి 2004) దగ్గర అందరూ అడిగేది ఒకటే, ఇంజిన్ లోపలి ఐఎంఎస్ బేరింగ్ (అది పాడైతే ఇంజినే పోతుంది) మార్చారా అని. మార్చినట్టు రసీదు ఉంటే దాన్ని పోగొట్టుకోకండి, ప్రైవేట్‌గా అమ్మితే దానికి విలువ, వేలంలో చిత్తుకాగితం. మెర్సిడీస్ ఎస్ఎల్‌కే మెటల్ రూఫ్ మడుచుకోవడం ఆగిపోయి ఉంటే రిపేర్ ఖర్చుకి భయపడి ఎవరూ ముట్టుకోరు, అలాంటివి డొనేషన్‌కి సరైన కార్లు.

ఏ మోడల్ అయినా మాన్యువల్ గేర్ ఉంటే ఒక మెట్టు పైన.

టాప్ చిరిగి నీళ్ళు కారుతోంది, బాగు చేయించి ఇవ్వాలా?

వద్దు. కొత్త సాఫ్ట్ టాప్, వేసే కూలీ కలిపితే వెయ్యి డాలర్లు ఇట్టే దాటుతుంది, వేలంలో అది తిరిగి రాదు, పైగా మీరు పెట్టిన రిపేర్ ఖర్చు విడిగా డిడక్షన్‌లో రాసుకోవడానికి కూడా ఉండదు. ఉన్నది ఉన్నట్టుగా ఇచ్చేయండి.

కానీ టో ట్రక్ వచ్చేదాకా కారుని కాపాడుకోండి. మియాటాలో సీట్ల వెనక రెండు మూలల్లో నీళ్ళు కిందికి పోయే డ్రెయిన్లు ఉంటాయి, ఆకులు పేరుకుని అవి మూసుకుపోతే నీళ్ళు లోపలే నిలిచి డోర్ కింద రేకు లోపల్నుంచి తుప్పు పడుతుంది, ఒక సన్నటి మెత్తని ట్యూబ్ నెమ్మదిగా లోపలికి పోనిచ్చి కదిపితే చాలు. మొదటి తరం బాక్స్‌టర్‌లో ఇంకా దారుణం, డ్రైవర్ సీటు కిందే అలారం, ఇమ్మొబిలైజర్ మాడ్యూల్ ఉంటుంది, అక్కడ నీళ్ళు నిలిచాయంటే తాళం పెట్టినా కారు మిమ్మల్ని గుర్తుపట్టదు. వెనక ప్లాస్టిక్ కిటికీ ఉన్న టాప్‌ని చలిలో మడవకండి, పసుపు రంగు తిరిగిన ప్లాస్టిక్ అప్పడంలా పెటుక్కుమంటుంది.

ఫ్యాక్టరీ హార్డ్‌టాప్ విడిగా ఉంది, దాన్నీ కారుతో ఇచ్చేయాలా?

ఆగండాగండి! మియాటాకైనా ఎస్2000కైనా కంపెనీ ఇచ్చిన హార్డ్‌టాప్ కోసం విడిగా మార్కెట్ ఉంది, పాత కారు వేలంలో పలికే రేటు కంటే దానిపై ఉన్న టాప్‌కే ఎక్కువ రావచ్చు. కారుతో కలిపి పంపితే వేలంలో దానికి పైసా అదనంగా రాదు. ముందు అది అమ్ముకోండి, కావాలంటే ఆ డబ్బే ఛారిటీకి ఇవ్వండి. విండ్ డిఫ్లెక్టర్, టోనో కవర్, మీరు తర్వాత వేయించిన వీల్స్ కూడా అంతే, అయితే వీల్స్ తీస్తే పాతవి బిగించి ఇవ్వండి, నాలుగు చక్రాల మీద నిలబడని కారుని చాలామంది తీసుకోరు. ఫోన్‌లో కారు గురించి చెప్పినప్పుడు హార్డ్‌టాప్ ఉందని ఒకసారి అనేశాక తీసేయడం బాగోదు, కాబట్టి ఫోన్ చేయకముందే తేల్చుకోండి.

మేం ఎప్పుడూ స్టాండర్డ్ డిడక్షనే తీసుకుంటాం, కారు ఇస్తే మాకేమైనా వస్తుందా?

ట్యాక్స్ పరంగా ఏమీ రాదు. కారు డొనేషన్ షెడ్యూల్ ఎ లో ఐటమైజ్ చేసేవాళ్ళకే పనికొస్తుంది. భార్యాభర్తలు కలిసి ఫైల్ చేస్తే స్టాండర్డ్ డిడక్షన్ 2025కి 31,500, 2026కి 32,200 డాలర్లు, సింగిల్‌కి 15,750, 16,100. మీ మార్ట్‌గేజ్ వడ్డీ, స్టేట్ ట్యాక్స్, ప్రాపర్టీ ట్యాక్స్, విరాళాలు కలిపి ఇది దాటాలి.

2026 నుంచి ఇంకో మెలిక పెట్టారు, విరాళాల్లో మీ ఏజీఐలో (రిటర్న్‌లో చూపించే సర్దుబాటు చేసిన మొత్తం ఆదాయం) అర శాతం వరకు లెక్కలోకి రాదు. ఒక లెక్క చూడండి: ఏజీఐ 2 లక్షలు, మిగతా డిడక్షన్లు 31,500, ఏడాది మొత్తంలో విరాళం కారు ఒక్కటే, అది 1,300కి పోయింది. అర శాతం అంటే 1,000 పోయింది, మిగిలింది 300, మొత్తం 31,800. ఇది 32,200 కంటే తక్కువ, అంటే కారు ఇచ్చినందుకు ట్యాక్స్‌లో కలిసొచ్చింది గుండు సున్నా.

అదే 2026 నుంచి ఐటమైజ్ చేయనివాళ్ళకి కూడా సింగిల్‌కి 1,000, జంటకి 2,000 వరకు విరాళం మినహాయింపు వచ్చింది, కానీ అది క్యాష్‌గా ఇచ్చినదానికే, వస్తువులకి కాదు. కారు అమ్మి చెక్ ఇచ్చినవాడికి వర్తిస్తుంది, కారు ఇచ్చినవాడికి వర్తించదు. చూశారా ఎక్కడికెళ్ళినా లెక్క అమ్మడం వైపే తోస్తోంది.

ఎఫ్1 స్టూడెంట్ వీసా మీద ఉన్నా, సెకండ్ హ్యాండ్ మియాటా ఒకటి ఉంది, నాకు డిడక్షన్ ఉంటుందా?

ఎఫ్1 మీద మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు మామూలుగా నాన్‌రెసిడెంట్‌గా 1040-ఎన్ఆర్ ఫైల్ చేస్తారు. ఇండియా నుంచి వచ్చిన స్టూడెంట్స్‌కి ట్యాక్స్ ట్రీటీ ఆర్టికల్ 21 వల్ల స్టాండర్డ్ డిడక్షన్ దొరుకుతుంది, వేరే దేశాలవాళ్ళకి చాలావరకు అది లేదు. అది తీసుకుంటే ఇక కారు రాసుకోలేరు, స్టూడెంట్ జీతానికి స్టాండర్డ్ డిడక్షనే ఎక్కువ. అమ్ముకుని ఫీజుకి వాడుకో తమ్ముడూ, దానం ఉద్యోగం వచ్చాక చేద్దువుగాని. హెచ్1బి మీద సబ్‌స్టాన్షియల్ ప్రెజెన్స్ టెస్ట్ (అమెరికాలో ఉన్న రోజుల లెక్క) దాటినవాళ్ళకి ఈ విషయంలో సిటిజన్స్‌కి ఉన్న రూల్సే.

## ఎవరికి ఇవ్వాలి

నా కారు డబ్బు నిజంగా ఛారిటీకే చేరుతుందని ఎలా తెలుస్తుంది?

చాలా ఛారిటీలు కార్ల పని స్వయంగా చూసుకోవు, మధ్యలో ఒక కంపెనీ ఉంటుంది, ఫోన్ ఎత్తడం, టో చేయడం, వేలం, పేపర్లు అంతా వాళ్ళే, దానికి వాటా తీసుకుంటారు. అది తప్పేం కాదు, వాటా ఎంత అన్నదే ప్రశ్న. కొందరు ఖర్చులు పోను ఎక్కువభాగం ఇస్తారు, కొందరు కారుకింత అని ఏదో విదిలిస్తారు. ఫోన్ చేసి సూటిగా అడగండి: నా కారు వెయ్యికి పోతే మీకు ఎంత చేరుతుంది? సమాధానం నీళ్ళు నములుతున్నట్టుంటే ఇంకోచోట చూసుకోండి.

హ్యాబిటాట్ ఫర్ హ్యుమానిటీకి కార్స్ ఫర్ హోమ్స్ అని ప్రోగ్రాం ఉంది, పబ్లిక్ రేడియో స్టేషన్లు చాలావాటికి ఉంది. ఎవరైనా సరే ఐఆర్ఎస్ (అమెరికా ట్యాక్స్ డిపార్ట్‌మెంట్) సైట్‌లో ట్యాక్స్ ఎగ్జెంప్ట్ ఆర్గనైజేషన్ సెర్చ్‌లో పేరు కొట్టి చూడండి, ఛారిటీ నావిగేటర్, ఛారిటీవాచ్‌లలో కూడా ఒకసారి చూడండి. రేడియోలో యాడ్ పాట వచ్చింది కదా అని ఇచ్చేయకండి.

మా గుడికి ఇవ్వచ్చా? ఇండియాలో మా ఊరి అనాథాశ్రమానికి?

అమెరికాలో ఉన్న గుడి 501(సి)(3), అంటే ట్యాక్స్ మినహాయింపు ఉన్న ఛారిటీ అయితే ఇవ్వచ్చు, గుళ్ళు చర్చిలు మసీదులు ఐఆర్ఎస్ లిస్టులో పేరు లేకపోయినా అర్హత ఉండొచ్చు, కమిటీవాళ్ళని ఈఐఎన్ (సంస్థ ట్యాక్స్ నంబర్) అడగండి. అసలు సమస్య వేరే, గుడి కమిటీకి కారు అమ్మి, టైటిల్ మార్చి, ఫారం 1098-సి (కారు విరాళానికి ఛారిటీ ఇచ్చే ట్యాక్స్ పేపర్) ఇచ్చే అలవాటు ఉండదు. ఎవరో వాలంటీర్ మెడ మీద పడుతుంది, ఆయన బిజీ, ఫారం రాదు, మీరు ప్రతి ఆదివారం ఆయన్ని ప్రసాదం క్యూలో పట్టుకుని అడుగుతుంటారు. గుడికైతే అమ్మి చెక్ ఇవ్వడమే మర్యాద.

ఇండియాలో ఉన్న ట్రస్టుకి నేరుగా ఇస్తే అమెరికాలో డిడక్షన్ లేదు. ఇండియాలో పనిచేసే అమెరికన్ ఛారిటీకి ఇవ్వచ్చు, కానీ ఈ డబ్బు ఫలానా ఆశ్రమానికే పంపాలి అని కట్టేస్తే కుదరదు, ఎక్కడ ఖర్చు పెట్టాలన్న నిర్ణయం ఆ ఛారిటీ చేతిలో ఉండాలి.

అమ్మేయకుండా వాళ్ళే వాడుకుంటే పూర్తి వాల్యూ రాసుకోవచ్చంటున్నారు, నిజమేనా?

నిజమే, మూడు సందర్భాల్లో మార్కెట్ వాల్యూ రాసుకోవచ్చు. ఛారిటీ తన పనికి గట్టిగా వాడుకున్నప్పుడు, అంటే ఐఆర్ఎస్ ఇచ్చే ఉదాహరణలో ఏడాదిపాటు రోజూ పేదలకి భోజనాలు చేరవేయడం. విలువ బాగా పెరిగేలా పెద్ద రిపేర్ చేయించి అమ్మినప్పుడు, ఇందులో పెయింట్, సొట్టలు తీయడం, సీట్లు శుభ్రం చేయడం లాంటివి లెక్కలోకి రావు. లేదా పేదవాళ్ళకి ఉచితంగానో బాగా తక్కువకో ఇచ్చినప్పుడు.

ఇప్పుడు మీ కారు ఊహించుకోండి. రెండు సీట్లు, డిక్కీలో ఒక సూట్‌కేస్ పట్టదు, అందులో వందమందికి భోజనాలు మోస్తారా? ముగ్గురు పిల్లల తల్లికి ఇస్తారా? కన్వర్టిబుల్‌కి ఈ దారి దాదాపు మూసుకుపోయినట్టే. కాలేజీ ఆటో షాప్ క్లాసులవాళ్ళు నేర్పడానికి తీసుకుంటారేమో కనుక్కోవచ్చు, కానీ వాడుకుంటామని నోటిమాట కాదు, 1098-సి లో 5ఎ బాక్స్ టిక్ చేసి, ఏం వాడకమో ఎన్నాళ్ళో రాసిస్తేనే చెల్లుతుంది. అప్పుడు మీరు వేసుకునే విలువ కూడా ప్రైవేట్ పార్టీ రేటు దాటకూడదు, డీలర్ షోరూం రేటు కాదు. 5,000 దాటితే అప్రైజల్ (నిపుణుడు రాసిచ్చే విలువ) కావాలి, అది కారు ఇచ్చే రోజుకి 60 రోజుల కంటే ముందు చేయించినదై ఉండకూడదు.

## టైటిల్, ప్లేట్లు, ఇన్సూరెన్స్

టైటిల్ మీద కొనేవాళ్ళ పేరు ఖాళీగా వదిలి సంతకం పెట్టమంటున్నారు, పెట్టచ్చా?

పెట్టకండి. ఖాళీ టైటిల్ అంటే సంతకం చేసిన బ్లాంక్ చెక్ లాంటిది, అది చేతులు మారినన్నాళ్ళూ రికార్డులో కారు మీదే. ఛారిటీ పేరు, తేదీ, ఓడోమీటర్ రీడింగ్ మీ ఎదురుగా రాయించండి. నా కారు తీసుకెళ్ళడానికి వచ్చిన టో డ్రైవర్ కూడా వదిలేయండి సార్ ఆఫీసులో రాసుకుంటారు అన్నాడు, పాపం అతనికి అలాగే చెప్పి పంపారు, నేను వాళ్ళ ఆఫీసుకి ఫోన్ చేసి ఎవరి పేరు రాయాలో అడిగి అక్కడే బానెట్ మీద పెట్టి రాశా, ఐదు నిమిషాల పని. రాసిన టైటిల్‌కి రెండువైపులా ఫోటో తీసుకోండి.

టైటిల్ మీద ఇద్దరి పేర్లున్నాయి, ఒకరు సంతకం పెడితే సరిపోతుందా?

పేర్ల మధ్య ఏముందో చూడండి. "అండ్" ఉంటే ఇద్దరూ పెట్టాలి, "ఆర్" ఉంటే మామూలుగా ఒకరు చాలు. ఏమీ లేకుండా పక్కపక్కన పేర్లుంటే స్టేట్‌ని బట్టి మారుతుంది, ఇద్దరూ పెట్టేస్తే గొడవుండదు. చనిపోయినవాళ్ళ పేరు మీద ఉన్న కారైతే ముందు మీ స్టేట్ డీఎంవీ (బండ్ల రిజిస్ట్రేషన్ ఆఫీసు) అడిగే వారసత్వం పేపర్లు పూర్తి చేయాలి.

లోన్ ఎప్పుడో తీర్చేశాం కానీ టైటిల్ మీద ఇంకా బ్యాంకు పేరుంది

బ్యాంకు నుంచి లీన్ రిలీజ్ లెటర్ (కారు మీద లోన్ ఇక లేదన్న పత్రం) తెప్పించండి, అది లేకుండా ఎవరూ తీసుకోరు. పాత బ్యాంకు ఇంకో బ్యాంకులో కలిసిపోయుంటే కొత్త బ్యాంకువాళ్ళే ఇవ్వాలి, దీనికే కొన్ని వారాలు పట్టొచ్చు, అందుకని మొదట ఈ పని పెట్టుకోండి. టైటిలే పోతే డీఎంవీలో డూప్లికేట్‌కి అప్లై చేయండి.

ప్లేట్లు తీయాలా? ఇన్సూరెన్స్ ఎప్పుడు ఆపాలి?

స్టేట్‌కో తీరు. కాలిఫోర్నియాలో మామూలు ప్లేట్లు కారుతోనే పోతాయి, న్యూయార్క్‌లో ప్లేట్లు డీఎంవీకి అప్పజెప్పాకే ఇన్సూరెన్స్ ఆపాలి, ముందు ఆపితే ఇబ్బంది పడతారు. ఎక్కడైనా సరే కారు టో ట్రక్ ఎక్కకుండా ఇన్సూరెన్స్ తీయకండి.

దీనికంటే ముఖ్యమైనది, కారు నా దగ్గర లేదు అని స్టేట్‌కి చెప్పడం. కాలిఫోర్నియాలో 5 రోజుల్లో రిలీజ్ ఆఫ్ లయబిలిటీ వేయాలి, టెక్సస్‌లో 30 రోజుల్లో వెహికల్ ట్రాన్స్‌ఫర్ నోటిఫికేషన్, రెండూ ఆన్‌లైన్‌లో అయిపోతాయి.

## టో ట్రక్ వచ్చే రోజు

కారు స్టార్ట్ అవ్వదు, చాలా కిందికి ఉంటుంది, ఎలా తీసుకెళ్తారు?

స్టార్ట్ కాకపోయినా చాలామంది తీసుకుంటారు, టోయింగ్‌కి మీ దగ్గర డబ్బులు అడగరు, అడిగితే అనుమానించండి. బుక్ చేసేటప్పుడే స్పోర్ట్స్ కారు, నేలకి దగ్గరగా ఉంటుంది, ఫ్లాట్‌బెడ్ పంపండి అని చెప్పండి, లేకపోతే ముందు బంపర్ నేలకి గీసుకుంటుంది. టైర్లలో గాలి కొట్టి ఉంచండి, హ్యాండ్‌బ్రేక్ పట్టేసిందేమో ముందురోజే చూడండి, ఏళ్ళ తరబడి నిలబడిన కార్లకి అది మామూలే. ట్రక్ అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లోకి రాదు కాబట్టి కారుని నలుగురు కలిసి బయటికి నెట్టి పెట్టాలి.

టాప్ మాత్రం ముందురోజే మూసి పెట్టండి. బ్యాటరీ చచ్చిన కారులో కరెంటు టాప్ తెరిచి ఉండిపోతే ఆ రోజే వాన పడుతుంది, ఇది సైన్స్ కాదు, అనుభవం.

కారులోంచి ఏమేం తీయాలి?

టోల్ ట్యాగ్, గరాజ్ రిమోట్, గ్లవ్ బాక్స్‌లో మీ అడ్రస్ ఉన్న ప్రతి కాగితం. అద్దంలోనో సన్‌వైజర్‌లోనో గరాజ్ బటన్లుంటే వాటిని చెరిపేయండి, లేకపోతే కొన్నవాడి చేతిలో మీ ఇంటి తాళం పెట్టినట్టే. సీట్ల వెనక అర, డిక్కీలో స్పేర్ టైర్ కింద కూడా చూడండి. డాష్‌బోర్డ్ మీద వినాయకుడిని మర్చిపోయి తర్వాత యార్డుకి ఫోన్ చేసినవాళ్ళు నాకు తెలుసు.

## ఇచ్చేశాక

కారు తీసుకెళ్ళి రెండు నెలలైంది, ట్యాక్స్ పేపర్ ఇంకా రాలేదు

కంగారు పడకండి, ఛారిటీ 1098-సి పంపడానికి ఉన్న 30 రోజుల గడువు మొదలయ్యేది కారు తీసుకెళ్ళిన రోజు నుంచి కాదు, అమ్మిన రోజు నుంచి. స్పోర్ట్స్ కార్లు, టైటిల్ తేడా ఉన్నవి యార్డులో ఎక్కువరోజులు కూర్చోవచ్చు. ట్రక్ డ్రైవర్ ఇచ్చిన రసీదు ట్యాక్స్‌కి పనికిరాదు, కానీ ఫాలో అప్‌కి అందులో నంబర్ కావాలి, పారేయకండి. అమ్మారా లేదా అని నేరుగా అడగండి, అమ్మి నెల దాటితే ఛారిటీకే ఫోన్ చేయండి, మధ్యలో ఉన్న కంపెనీకి కాదు.

300కే అమ్మారట, నేను 300 మాత్రమే రాసుకోవాలా?

లేదు, ఇక్కడ చిన్న వెసులుబాటు ఉంది. 500 లేదా అంతకంటే తక్కువకి పోతే, కారు మార్కెట్ వాల్యూ గానీ 500 గానీ ఏది తక్కువైతే అది రాసుకోవచ్చు. కారు నిజంగా 500 పైన చేసేదే అయితే 500 రాసుకోండి.

డిసెంబర్‌లో ఇచ్చా, ఫిబ్రవరిలో అమ్మారు, ఏ సంవత్సరంలో చూపించాలి?

ఇచ్చిన సంవత్సరంలో. ఏప్రిల్ దాకా ఫారం చేతికి రాకపోతే రెండు దార్లు, ఫారం 4868తో ఆరు నెలలు ఎక్స్‌టెన్షన్ తీసుకోవడం, లేదా డిడక్షన్ లేకుండా ఫైల్ చేసేసి ఫారం వచ్చాక 1040-ఎక్స్‌తో సవరించుకోవడం. ఎక్స్‌టెన్షన్ ఫైల్ చేయడానికే, కట్టాల్సిన ట్యాక్స్ మాత్రం ఏప్రిల్‌లోనే కట్టాలి.

రిటర్న్‌కి ఏ ఫారాలు జత చేయాలి?

1098-సి లో కాపీ బి రిటర్న్‌తో పోవాలి, కాపీ సి మీ దగ్గర ఉంచుకోవాలి. ఈ-ఫైల్ చేస్తే కాపీ బి ని పీడీఎఫ్‌గా జత చేయండి, అది కుదరకపోతే ఫారం 8453తో పోస్టులో పంపండి. వస్తువుల విరాళాలు మొత్తం 500 దాటితే ఫారం 8283 కూడా కావాలి, అమ్మిన ధరే మీ డిడక్షన్ అయితే 5,000 దాటినా సెక్షన్ ఎ లోనే వేస్తారు, అప్రైజల్ అక్కర్లేదు. కారు అమ్మిన ధర 4సి బాక్స్‌లో ఉంటుంది, దాన్నే వాడండి.

ఇచ్చేసిన కారు పేరు మీద టోల్ బిల్లు వచ్చింది!

ఎవరో ప్లేట్లతోనే తిప్పారన్నమాట. స్టేట్‌కి వేసిన ట్రాన్స్‌ఫర్ నోటీసు కన్ఫర్మేషన్, సంతకం చేసిన టైటిల్ ఫోటో, టో రసీదు, ఈ మూడూ కలిపి బిల్లు పంపినవాళ్ళకి పంపండి. నోటీసు వేయకపోతే ఇవాళే వేయండి, ఆలస్యమైనా అసలు లేనిదానికంటే నయం.

రెండు వారాల్లో ఇండియాకి వెళ్ళిపోతున్నాం, కారు సంగతేంటి?

ఇండియాకి తీసుకెళ్ళే ఆలోచన ఉంటే మానుకోండి, వాడిన కార్లు మూడేళ్ళు దాటకూడదు, పైగా స్టీరింగ్ కుడివైపు ఉండాలి అని అక్కడి దిగుమతి రూల్. సమయం లేని మీలాంటివాళ్ళకి డొనేషన్ నిజంగా పనికొచ్చే దారి. టో ట్రక్‌ని వెళ్ళేముందు రోజుకి పెట్టుకోకండి, వాళ్ళు ఒక్కోసారి రారు, కనీసం వారం ముందు పెట్టుకోండి. 1098-సి మీరు వెళ్ళాక వస్తుంది కాబట్టి ఇక్కడ నమ్మకమైనవాళ్ళ అడ్రస్ ఇవ్వండి, ఈమెయిల్‌లో కూడా పంపమనండి. ఎవరికైనా పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వాలంటే మీ స్టేట్ డీఎంవీ ఫారం వాడండి, వెళ్ళేముందే సంతకం పెట్టి ఇవ్వండి.

నా కారు చివరికి ఎవరి దగ్గరికి చేరిందో తెలుసుకోవచ్చా?

ఛారిటీ చెప్పదు, 1098-సి లో అమ్మిన తేదీ, ధర మాత్రమే ఉంటాయి. కారు విన్ నంబర్ (ప్రతి కారుకీ ఉండే గుర్తింపు నంబర్) ఆన్‌లైన్‌లో కొట్టి చూస్తే ఒక్కోసారి అమ్మకానికి పెట్టిన ఫోటోలు దొరుకుతాయి. నాది టాప్ చిరిగింది కదా ఎవడు కొంటాడులే అని ఇచ్చేశా, ఫారంలో 1,100 అని వచ్చింది. నాలుగు నెలలాగి చూస్తే అదే విన్, కొత్త నల్ల టాప్, పాలిష్ పట్టిన బానెట్, 5,900 అడుగుతున్నాడు, వివరాల్లో సర్వీస్ రికార్డులన్నీ ఉన్నాయి అని గొప్పగా రాశాడు, అవి నేను గ్లవ్ బాక్స్‌లో మర్చిపోయినవే. మా ఆవిడ చూసి నవ్వింది. హార్డ్‌టాప్ మాత్రం ఫోటోల్లో ఎక్కడా లేదు, అదొక్కటి ముందే అమ్ముకున్నాను.